ఎస్టిమేటు

మా నర్సింగ్ హోముకు రెండు తలుపులు.
నొప్పులొచ్చినోళ్లు ముందల నుంచి వస్తరు,
పైసలు తేబోయేటోళ్లు పక్కసందుల నుంచి ఉరుకుతరు.
రెండిటి నడుమ ఒక అద్దం,
అద్దానికి రొట్టెంత బొక్క,
బొక్క ఎనుక నేను.

నార్మల్ అయితే నలభై.
కోస్తే ఎనభై అయిదు.
పిల్లను అద్దాలపెట్టెల పెడితే రోజుకు తొమ్మిది.
వేలు అన్న మాట నోట్లకెళ్లి రావొద్దని
మొదటిరోజే మేనేజర్ చెప్పిండు.
వట్టి అంకె అంత బరువుండదంట.

నిన్న రాత్రి పదకొండున్నరకు
కాటేదాన్ల బకెట్లు పోసే ఫ్యాక్టరీల పనిచేసే యూనుస్
భార్య పేరు రాయించిండు: నుజ్హత్, ఇరవై మూడు, తొలిచూలు.
"కోసుడా కాదా, ఎప్పుడు తెలుస్తది మేడం?"
నాకు తెలుసు, చెప్పలే.
డాక్టరమ్మ చెడ్డదేం గాదు,
స్కానింగ్ మిషన్ మీద బ్యాంకు కిస్తు ఉన్నది,
పొద్దుగాల ఇంకో రెండు దవాఖానలున్నయి.
నొప్పులకు గడియారం లేదు,
గడియారానికి కిరాయి ఉన్నది.
నా కంప్యూటర్ల దూదికి కోడ్ ఉన్నది,
సూదికి, గ్లౌజులకు, గది ఊడ్చినందుకు గూడ కోడ్ ఉన్నది.
ఓపిక పట్టినందుకు లేదు.

యూనుస్ జేబుల నలభై ఉన్నయి.
అద్దం ముంగటనే నిలబడి సూపర్‌వైజర్‌కు ఫోన్ కొట్టిండు.
తక్కువబడ్డ నలభై అయిదుకు
ఏడాది ఐతారాలు అమ్మిండు.
యాభై రెండు.
ఒక్కో ఐతారం తొమ్మిదొందలకు గూడ పోలే.

నాకు ఏడో నెల.
ఈ కుర్సీ నాది గాదు, ఏజెన్సీది.
పదకొండు నెలల కాగితం జూన్ల అయిపోతది,
నాకు డేటు జూలైల.
కడుపుతోని ఉన్నోళ్లకు కాగితం తిరిగి రాసినట్టు
ఇక్కడ ఎవ్వరికీ యాదికి లేదు.
ఈఎస్ఐ అని నెలనెలా కోస్తరు,
కార్డు అడిగితే ప్రాసెస్‌ల ఉన్నదంటరు.
స్టాఫుకు పది శాతం తగ్గిస్తరు,
గది కిరాయిల మాత్రమే.
గిరాకీ లేని ఒక రాత్రి
నా పేరు మీదనే ఎస్టిమేటు తీసిన.
"బిల్లు కట్టేది ఎవరు" అన్న గడి ఖాళీ పెడితే
మిషన్ ముందటికి పోనియ్యలే.

సర్కారు దవాఖాన్ల అంత ఫ్రీ అంటది మా యారాలు అనసూయ.
చంపాపేట నుంచి పోనురాను ఆటోకు మూడొందలు,
లైన్ల నిలబడ్డ పూట జీతం కోత,
గుడ్డల చుట్టి చేతికిచ్చేటప్పుడు ఖుషీ.
ఆమెను అడిగింది: పిల్లగాడైతే వెయ్యి, పిల్లయితే ఆరొందలు.
ఆరొందలిచ్చి వచ్చి
"నాలుగొందలు మిగిలినయ్" అని నవ్వింది.
ఆ నవ్వు ఏ ఖాతాల రాయాల్నో
నాకు ఇప్పటికీ తెల్వదు.

మా అమ్మనేమో
మంత్రసానికి ఒక చీర, శేరు బియ్యం, అంతే అంటది.
నిజమే.
నా కంటె ముందు పుట్టిన అక్కకు గూడ అంతే అయింది.
అక్కకు పేరు పెట్టేదాక రాలే.

రెండు గంటలకు డ్యూటీ దిగిన సిస్టర్ సలోమి
చెప్పులు తొడుక్కొని, మళ్ల విడిచి, లోపటికి పోయింది.
డాక్టరమ్మతోని ఏందో మాట్లాడింది, గట్టిగనే.
నుజ్హత్ నడుము పట్టుకొని
వరండాల ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించుడు
నాకు బొక్కలకెళ్లి కనబడ్డది,
పోయేటప్పుడు ఇద్దరు, వచ్చేటప్పుడు ఇద్దరు,
ఎన్నిసార్లో.
నాలుగుంబావుకు ఏడుపు వినబడ్డది.

నలభై కట్టి రసీదు తీసుకున్నడు యూనుస్.
పిల్లనా పిల్లగాడా నేను అడగలే, అతను చెప్పలే.
మెట్ల మీద కూసొని మళ్ల ఫోన్ కలిపిండు.
"భాయ్, నార్మల్ అయింది.
ఆ ఐతారాలు వాపస్ ఇస్తరా?"
అటుదిక్కు ఏమన్నరో తెల్వదు.
శానాసేపు చెవికి పెట్టుకొనే ఉన్నడు.
"ఒక్క నెలవన్న," అన్నడు.

నేను గ్లౌజులు ఎక్కించిన.
పదకొండు జతలు.